కొర్రమీను దొరికే చోటు

నాన్నా,

నువ్వు పోయి నేటికి నాలుగేళ్లు. ఏలూరులో ఎవరో చిన్న ప్రచురణకర్తలు మన కొల్లేటి ఊళ్ల మీద పుస్తకాలు వేశారు. ఒకదాంట్లో నీ రహస్యం అచ్చయింది. చెప్పింది నేనే. చర్చి శిలువ తాటిచెట్టు వెనక్కి దాగేదాకా పడవ నడిపితే కొర్రమీను దొరుకుతుందని. సొంత తమ్ముడికి కూడా చెప్పలేదు నువ్వు.

బాబాయికి చదువు రాదు కదా, నేనే చదివి వినిపించాను.

"అక్కడటే అమ్మాయ్! ఎన్నిసార్లు దాటుకుపోయానో!" అన్నాడు. తర్వాత నవ్వేశాడు. "గట్టివాడే మా అన్నయ్య."

ఈ పొద్దున ఆ చోటు చూసొస్తానని బయలుదేరాడు. కోప్పడకు నాన్నా. ఇప్పుడక్కడ కొల్లేరు లేదు, చేపల చెరువుల గట్లే. బాబాయి సైకిల్ మీద వెళ్లాడు.

నీ అమ్మాయి