గిన్నె ఎందుకు తిప్పాడు?

అన్నయ్యకు,

కుట్టుమిషను ముందు కూర్చునే రాస్తున్నాను. ఫోను చేద్దామంటే నా కూతురివి పాము చెవులు.

నీ మేనకోడలు పెళ్లంటూ చేసుకుంటే ఆ అబ్బాయినేనని మొండికేసి కూర్చుంది. మీ ఊళ్లోనే జపాన్ టీ కొట్టు నడుపుతాడట. మాచా అట, ఆకుపచ్చ పొడి. టీ పచ్చగా ఉండటమేమిటి, దానికో కొట్టేమిటి! నాకైతే ఒక్క ముక్క నమ్మబుద్ధి కావడం లేదు. హోటళ్లు తనిఖీ చేసి రిటైరైనవాడివి, నీ కళ్లు కప్పడం ఎవరివల్లా కాదు. ఎవరివో చెప్పకుండా వెళ్లి చూసి రాయి. నువ్వు సరేనంటే పెళ్లి, కాదంటే ఈ సంబంధం ఇంతటితో సరి.

నీ చెల్లి

తా.క.: అక్కడ ఏదీ తినకు. చూసి రా, అంతే.

* * *

చెల్లాయికి, దీవెనలు.

వెళ్లాను. కొట్టు మరీ శుభ్రంగా ఉంది. నా సర్వీసులో అంత శుభ్రమైన వంటగది కనబడిందంటే, నేను వస్తున్నానని ఎవడో ముందే ఉప్పందించాడన్నమాటే. పైగా నిశ్శబ్దం. టీ కొట్టులో ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడమేమిటి? ఒకావిడ గిన్నె రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది. మత్తుమందేమోనని కాపలా కాశాను. కళ్లు తెరిచి ఇంకో గిన్నె అడిగింది.

కుర్రాడు వెదురు చెంచాతో పచ్చపొడి తీసి, వేడినీళ్లు పోసి, వెదురు కుంచెతో నురగ వచ్చేదాకా చిలికాడు. నాకిచ్చే ముందు గిన్నెను మెల్లగా తిప్పాడు. అక్కడ దొరికాడు! మంచివైపు మనకు చూపించేవాడు చెడ్డవైపు తనకు ఉంచుకుంటాడు. నేను మళ్లీ తిప్పి చూశాను. నిలువునా పగులు! అతికించి, పైన బంగారు పొడి పూశాడు. పగుళ్లలో మురికి చేరుతుందని, అలాంటి గిన్నెలు కనబడితే అక్కడికక్కడే పగలగొట్టించేవాణ్ణి నేను. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది...

ఆ తర్వాత జరిగింది ఉత్తరంలో రాసేది కాదు. మళ్లీ వెళ్లాలి. అప్పటిదాకా ఏ మాటా ఇవ్వకు.

నీ అన్న

తా.క.: పచ్చ కేకు ఒకటి తిన్నాను. తనిఖీ కోసమే. పచ్చ ఐస్‌క్రీము కూడా.

* * *

అన్నయ్యకు,

ఏం జరిగిందో రాయకుండా చుక్కలు పెడతావేం? నిన్ను ఏమైనా అన్నారా? చెయ్యి చేసుకున్నారా? పిల్లకు ఈ సంబంధం మర్చిపొమ్మని చెప్పేశాను. అన్నం మానేసి గదిలో కూర్చుంది. దాని మొహం చూడలేకపోతున్నాను. అవునో కాదో తేల్చి రాయి, నీకు పుణ్యముంటుంది.

నీ చెల్లి

తా.క.: నాలుక పచ్చబడిందేమో అద్దంలో చూసుకో.

* * *

చెల్లాయికి,

తేల్చడం నువ్వనుకున్నంత సులువు కాదు. రోజూ వెళ్తున్నాను. ఆ కుర్రాడు ఎవరిమీదా కేకలెయ్యడు. ఏం జరిగినా సరే! మనిషన్నవాడికి అంత ఓపిక ఉంటుందా? ఏదో దాస్తున్నాడు. టీ చేదు కదా, అందుకని ముందు మెత్తటి బియ్యప్పిండి ఉండ పెడతాడు, లోపల తీపి ముద్ద. నోరు తీపి చేసి చేదు తాగించడం! లంచం కాక మరేమిటి?

తొందరపడకు. ఇంకో నెల పడుతుంది. కేసు ఇంకా ఆరలేదు.

నీ అన్న

తా.క.: నాకో చొక్కా కుట్టి పంపు. రంగు పచ్చదైతే మంచిది, మరకలు కనబడవు.

* * *

అన్నయ్యకు,

చొక్కా పంపాను గానీ నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. కేసు ఆరడమేమిటి? పచ్చ చొక్కా ఏమిటి? మా అన్నయ్యకు మందు పెట్టేశారు దేవుడోయ్ అనుకుని రైలెక్కాను. కళ్లాపరేషనుకిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, మొహానికి ముసుగేసుకుని మూల బల్ల దగ్గర కూర్చున్నాను.

టీ తెచ్చింది ఎవరయ్యా? నువ్వే! నేను కుట్టిన చొక్కా, దానిమీద ఏప్రను. నా మొహం చూస్తేగా! ఒలుకుతుందేమోనని గిన్నె వంకే చూస్తూ, తిప్పి మరీ నా ముందు పెట్టి లోపలికెళ్లావు.

"ఆ పెద్దాయనెవరు బాబూ?" అని కుర్రాణ్ణి అడిగాను.

"ఎవరో తెలియదండీ. మొదటిరోజే మా గురువుగారిచ్చిన గిన్నె నేలకేసి కొట్టారు. పగులు దాచానని అనుకున్నారట. గిన్నె అందమైన వైపు అతిథికి తిప్పి పెట్టడం ఈ టీ మర్యాద. దాచేవాణ్ణయితే బంగారం ఎందుకు పూస్తానండీ? తీరా తెలిశాక ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. ముక్కలేరి ఆయన చేతికే ఇచ్చాను. రోజూ వచ్చి అతికారు, నిన్నటికి ఆరింది. మీ ముందున్నది అదే. పాపం, నా అన్నవాళ్లెవరూ లేనట్టున్నారు. అందుకే పనున్నా లేకపోయినా ఉండనిస్తున్నాను. ఆ కేకంటే ప్రాణం ఆయనకి" అన్నాడు.

ఓరి నాయనోయ్! అక్కడ నా కూతురు అన్నం మానేస్తే, ఇక్కడ నువ్వు గిన్నె ఆరబెట్టుకుంటున్నావా? నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

నీ రిపోర్టు ఇక అక్కర్లేదు. గురువు గిన్నె బద్దలు కొట్టినవాణ్ణి కూర్చోబెట్టి కేకు పెట్టినవాడు, రేపు నా పిల్ల చేతిలోంచి ఏం జారినా కసురుకోడు. నాకంతకంటే ఏం కావాలి? పెళ్లి ఖాయం. నువ్వెవరివో మాత్రం అతనికి చెప్పలేదు. పెళ్లికూతురి మేనమామనని పెళ్లిరోజున నువ్వే వెళ్లి చెప్పుకో.

నీ చెల్లి

తా.క.: నువ్వు అతికినవైపే నాకు తిప్పి పెట్టావు, చూశాను. కుట్టుపనిదాన్ని కదా, చెప్పకుండా ఉండలేను: అతుకు కాస్త వంకరపోయింది. అయినా బాగుంది. ఈ ఉత్తరం ఆ గిన్నె కిందే పెట్టి వెళ్తున్నాను. కడగడానికి ఎలాగూ నువ్వే వస్తావుగా.