తెర వెనక రెండు చేతులు

ఆరోగ్య తనిఖీ అధికారి గారికి,

అయ్యా,

నా రాతలో తప్పులుంటే మన్నించండి. బడికి పోయింది కొన్నేళ్ళే. కుడిచెయ్యి సరిగా ఆడక అక్షరాలు వంకరపోతున్నాయి.

విషయం: మా ఇంట్లో మనుషుల మీద రెండు మందులకు పోటీ పెట్టడం ఆపించుట గురించి.

1. నా భర్త ఎలాదియో పందెం కోళ్ళు పెంచుతాడు, సూదిమందులు అమ్ముతాడు. ఒకటి పెప్టైడ్, గాయం మాన్పుతుందట. రెండోది కోఎంజైమ్, ఒంట్లో కణకణానికీ సత్తువ ఇస్తుందట. ఏది గొప్పదని బరి దగ్గర పందేలు కాశారు.

2. మొదట కోళ్ళ మీద చూశారు. "కోడి వేరు, మనిషి వేరు" అని జనం నవ్వారు. అందుకని నా రెండు చేతులకూ కోడికత్తితో సమానంగా గాట్లు పెట్టి, ఎడమ వైపు పెప్టైడ్, కుడి వైపు రెండోది పొడిచారు. నేను ఏడిస్తే అత్తగారు, "కోడి ఏడ్చిందా? నోర్ముయ్" అన్నారు. ఆదివారాలు కట్లు విప్పి పందెగాళ్ళకు చూపిస్తారు. నాకు సిగ్గు. తెర వెనక నిలబడి చేతులు మాత్రం బయట పెడతాను.

3. మొన్న ఎడమది ముందు మానుతోందని నా భర్త అన్నాడు. తెర అవతల ఎవరో చదువుకున్నాయన, "ఒకే ఒంట్లో పొడిస్తే రెండూ నెత్తుట్లో కలిసిపోవా? ఒకే పెట్ట పిల్లలు రెంటికి చెరో మందూ పొడిచి చూడాలని నీకు తెలీదూ?" అన్నాడు. "దీని చెల్లెలుందిగా!" అన్నాడు నా భర్త. అందరూ చప్పట్లు కొట్టారు.

4. నా చెల్లెలు మిలెడిస్ శనివారం బస్సుకు వస్తోంది. కొత్త గౌను కుట్టిస్తామని పిలిపించారు. దానికి రక్తం చూస్తేనే కళ్ళు తిరుగుతాయి.

కావున తమరు శనివారం లోపు వచ్చి సీసాలు, కత్తి పట్టుకుపోవలెనని వేడుకుంటూ, నా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
యోకైరి

తా.క. చిక్కుళ్ళు ఏరుతూ అత్తగారు ఇప్పుడే చెప్పారు, తెర అవతల మాట్లాడింది తమరేనట. కుడిచెయ్యి మీద కాశారట. ఇంకెవరికి రాయాలో నాకు తెలీదు. అయ్యా, కుడిచెయ్యే గెలుస్తుంది. ఎడమ గాయాన్ని రోజూ నేనే కెలుకుతాను, మాననివ్వను. ఒకే ఒంటి మీద పోటీ చెల్లుతుందని తమరు ఒక్క మాటంటే అందరూ ఒప్పుకుంటారు. అప్పుడిక మిలెడిస్‌తో పనుండదు. నా భర్త కంటపడకుండా ఈ ఉత్తరం కాల్చేయండి.