నీ బూరుగు దూది దిండు

అక్కా,

ఎట్లున్నావు? నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. అక్కడ మోకాళ్ల నొప్పులు ఉండవనే అనుకుంటున్నాను... ఉంటే నూనె ఎవరు రాస్తున్నారో ఏమో.

నేను మన్సూరాబాద్‌లో మా బిడ్డ సునీత ఇంట్లోనే ఉన్నాను. మనిద్దరం పడుకున్న గదిలోనే. నీ మంచం తీయనివ్వలేదు.

కోపం చేసుకోకు, ఒక మాట చెప్తాను. నా కుడి మోకాలు ఆపరేషన్ అయింది. నువ్వు వద్దన్నదే! "తలుపు బోల్టా ఏందే, మార్చెటందుకు?" అని నవ్వేదానివి. నీ రెండు కాళ్లూ వంకరపోయినా దవాఖాన గడప తొక్కలేదు. గోడలు పట్టుకుంటూ కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికే పోయేదానివి. గుండె ఆగిపోవడానికి కొద్దిరోజుల ముందు కూడా పోయావు కదా...

నీ పేరు మీద ఎవరికైనా చీర పెడదామని దిల్‌సుఖ్‌నగర్ పోయి, మెట్రో మెట్ల మీద కూలబడ్డాను. లిఫ్ట్ ఉంది. ఆ డబ్బా మధ్యలో ఆగితే ఎట్లా అని మెట్లెక్కాను. ఇంకేముంది, నలుగురు మోసి దింపారు.

సునీత ఎల్.బి. నగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. అక్కా, మోకాలి నొప్పంటే అంతా ఒకటే అనుకున్నాం కదా మనం? అక్కడ బెంచీ మీద కూర్చుంటే తెలిసింది. నా పక్కన కబడ్డీ ఆడే పిల్ల. కాలు మెలికపడి లోపల లిగమెంట్ తెగిందట, చిన్న రంధ్రాలు చేసి కొత్తది కడతారట. ఇటుపక్క బండి మీంచి పడ్డాయన. మోకాలి చిప్ప పగిలితే తీగలతో బిగించారట. ఇంకొకామె ఇళ్లలో మోకాళ్ల మీద కూర్చొని బండలు తుడుస్తుంది. చిప్ప ముందర నీటి బుగ్గలా వాచింది. ఆమెకు ఆపరేషన్ అక్కర్లేదట, మోకాలు నేలకు ఆనించకుండా ఉంటే, మందులకే తగ్గుతుందట. పని మానేస్తే ఇల్లెట్లా గడుస్తుందని ఆమె నన్ను అడిగింది.

నాది అరుగుదల. ఎముకల మధ్య మెత్తటి పొర అంతా పోయి, ఎముకకు ఎముక రాసుకుంటోందని ఎక్స్‌రే చూపించాడు డాక్టరు. మొదట్లోనే వస్తే బరువు తగ్గించి, తొడకు బలం వచ్చే కసరత్తు చేయించి, మందులతో, సూదులతో ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చేవాళ్లమన్నాడు. నీవీ అట్లాగే అరిగాయా అక్కా? అంత నొప్పి పెట్టుకొని నాకు నూనె రాశావా?

ఆపరేషన్ రోజు మళ్లీ లేవననుకున్నాను. సునీతకు బీరువా తాళం ఎక్కడుందో చెప్పి మరీ లోపలికి పోయాను. లేచాను. మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు.

ఇప్పుడు నా పరేషాన్ ఏమిటో విను.

ఇంటికొచ్చాక నీ బూరుగు దూది దిండు మోకాలి కింద పెట్టుకున్నాను. నువ్వు చెప్పిందే కదా... "కింద దిండు పెట్టి పండుకోవే సత్తీ, పానం నిమ్మళమైతది." నిజంగానే నిమ్మళం. నీ తల నూనె వాసన ఇంకా ఉంది దాంట్లో. నువ్వే చెయ్యి కింద పెట్టి పట్టుకున్నట్టుండేది.

కసరత్తు చేయించే అమ్మాయి ఇంటికొస్తుంది. గుంటూరు వైపు పిల్ల, 'అండీ' అనకుండా మాట రాదు. దిండు చూసి కంగారుపడింది. మోకాలి కింద ఎత్తు ఉంటే హాయిగానే ఉంటుందట, కానీ కాలు ఆ వంపులోనే బిగుసుకుపోతుందట. తర్వాత చాపుదామన్నా రాదట. జీవితమంతా కుంటడమేనట. ఎత్తు మడమ కింద ఉండాలి, మోకాలు దానంతటది కిందికి దిగాలి అని టవల్ చుట్టి పెట్టింది. అది రాయిలా ఉంది. పిల్ల మెట్లు దిగగానే టవల్ తీసేసి నీ దిండు మళ్లీ మోకాలి కిందికి లాక్కున్నాను.

తర్వాత డాక్టరు చూస్తే కాలు తిన్నగా చాపడానికి రావడం లేదు. ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే కష్టమన్నాడు. సునీత ఏడ్చింది. ఆ దిండే కావాలంటే దాన్నే మడమ కింద పెట్టుకోమంది. ఎట్లా పెడతాను? నువ్వు తల ఆనించి ప్రాణం విడిచిన దిండు. దాని మీద పాదం పెడతానా? మోకాలు పెడితే లేని పాపం పాదం పెడితే వచ్చిందా అని వాదించింది. పాదం వేరు కదక్కా...

టవల్ పెట్టుకుంటే నువ్వు దూరమైనట్టుంది. దిండు పెట్టుకుంటే కాలు పోయేట్టుంది. ఏం చెయ్యను? ఎవరిని అడగను?

పోయిన మంగళవారం మధ్యాహ్నం నీ ఖాళీ మంచం చూస్తూ ఉంటే గుర్తొచ్చింది. ఒకసారి పడుకున్నప్పుడు నా కాలు నీకు తగిలింది. గబుక్కున లేచి నిన్ను తాకి కళ్లకద్దుకున్నాను. నువ్వు కసురుకున్నావు. "అమ్మ మంచం పడితే నిన్ను నా కాళ్ల మీదేసుకొని నీళ్లు పోసినదాన్నే నేను. నువ్వు తన్నిన తన్నులకు లెక్కుందా? గిప్పుడు మొక్కుతున్నవా? పండుకోవే!"

నువ్వే అన్నావు. నేను కల్పించుకున్నది కాదు.

దిండును కళ్లకద్దుకున్నాను. మంచం చివరికి జరిపాను. మడమ పెట్టాను... మోకాలు వేలాడింది. అబ్బ, ఏం నొప్పి అక్కా! తొడ దాకా పట్టుకుంది. ఏడ్చాను. నొప్పికో, నీ కోసమో... రెండూ కలిసిపోయాయి.

రోజూ అట్లాగే పెడుతున్నాను. ఇవాళ ఆ పిల్ల చూసి, కొద్దికొద్దిగా దిగుతోందంది. ఇంకా పూర్తిగా రాలేదు. వస్తుందా? రాకపోతే? అని నా గుబులు నాకుంది. "నీకు భయపడుడే పని పెట్టిండా దేవుడు?" అంటావు, తెలుసు.

నీ సంవత్సరీకానికి కర్మన్‌ఘాట్ పోతాను. గుడి దాకా ఆటోలోనే, అబద్ధం చెప్పను. లోపల మాత్రం నీ పేరున ఒక్క ప్రదక్షిణ, గోడ పట్టుకోకుండా చేస్తాను.

ఇది రాస్తున్నప్పుడు కూడా నా కాలు నీ దిండు మీదే ఉంది. బరువైతే చెప్పు, తీస్తాను.

నీ చెల్లె,
సత్తెమ్మ