దుర్భాష అంటే ఏమిటని అడిగారు

భూపాలపల్లి

అమ్మీకి, కైసర్ సలాం.

నా ఒళ్లు బాగుంది. నర్మెట్టలో నువ్వూ నజియా చల్లగా ఉండాలని దువా చేస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను సగం మాట కూడా పూర్తి చేయనివ్వవు, అందుకే రాస్తున్నాను. నజియా, మెల్లగా చదివి వినిపించు.

పోయిన ఉత్తరంలో రెండు సంగతులు అడిగించావు. అన్నం వేళకే తింటున్నాను. రెండోది, నోరు అదుపులో పెట్టుకున్నానా అని. దానికి జవాబు కొంచెం పొడుగు.

మా బొగ్గు యార్డులో రాళ్లు ఏరే కమ్లీ అక్క గురించి చెప్పాను కదా, డోర్నకల్ దగ్గరి తండా ఆమెది. ఎండలు ముదిరినా తాగే నీళ్ల డ్రమ్ము నింపించడం లేదేమని ఆమె సూపర్‌వైజర్ రామ్మోహన్‌ను అడిగింది. అతను రోజూ మమ్మల్ని అనే మాటే ఆమెనూ అన్నాడు. తల్లిని కలిపి అనే మాట. చదివేది చెల్లె కాబట్టి ఇక్కడ రాయను. "నీ నోరు వడిపోను" అన్నది కమ్లీ అక్క. అంతే. తనను దుర్భాషలాడిందని ఫిర్యాదు చేసి ఆమె గేటు పాసు గుంజుకున్నాడు. పాసు లేకపోతే పని లేదు.

నాకు ఒళ్లు మండింది. దుర్భాష అంటే ఏమిటో నా పాత నిఘంటువులో చూశాను. చెడ్డ మాట అని ఉంది. ఎవడు పైన నిలబడి అన్నాడో, ఎవరు కింద నిలబడి పడ్డారో అందులో లేదు.

విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. మావాళ్లంతా "ఆయనే దుర్భాషలాడిండు సార్" అన్నారు.

"దుర్భాష అంటే ఏమిటి? పనిలో కసిరి ఉంటాడు. ఏ మాట అన్నాడో చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

అందరూ తలలు దించారు. తల్లిని తిట్టిన మాట సొంత నోటితో ఎట్లా పలుకుతారు?

కమ్లీ అక్క కొంగు నడుముకు దోపింది. "గీళ్లకు తల్లులు యాదికొచ్చి నోరు లేస్తలేదు సార్. నేను చెప్త, ఇను" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆఫీసరు పెన్ను ఆగిపోయింది.

"కల్పించి చెప్తాంది సార్. ఇంకెవలనన్న అడుగుండ్రి" అని రామ్మోహన్ నవ్వాడు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు అమ్మీ. పెళ్లిళ్లలో ఢోలక్ ముందు కూర్చొని వియ్యపురాలి మీద తిట్ల పాటలు పాడేటప్పుడు ఆమె కళ్లలోకే చూస్తావు. పక్కకు చూస్తూ ఒక్క తిట్టు పాడవు. నేనూ లేచి, రామ్మోహన్ కళ్లలోకే చూసి, నిన్ను కలిపి నన్ను అన్న మాట మొత్తం పలికాను.

"మీలో మీరు తిట్టుకోరా?" అన్నాడు ఆఫీసరు.

"మా అమ్మీ పెండ్లిల్ల తిడ్తది సార్. పాట అయినంక, తిట్లు పడ్డామె నోట్లె తన చేత్తోటి లడ్డు పెడ్తది. పెట్టకపోతే ఆ పాట అయినట్టు గాదు. గీయన మమ్ముల రోజు తిడ్తడు. ఒక్కనాడన్న మా నోట్లె నీళ్లు పోసిండా?"

ఈసారి తల దించింది రామ్మోహన్.

కమ్లీ అక్కకు పాసు తిరిగొచ్చింది. డ్రమ్ము నిండుతోంది. మొదటి రోజు ఆ నీళ్లలో చెంబు ముంచి ఆమె రామ్మోహన్‌కే ఇచ్చింది. "తాగు అన్నా, నిన్ను తిట్టిన గద" అన్నది. ఎంత పెద్ద మనిషో చూడు.

ఇది నేను కళ్లారా చూడలేదు, మావాళ్లు వచ్చి చెప్పారు. ఇంతసేపు దాచింది ఇదే అమ్మీ. విచారణ అయిన మరునాడే నా పాసు ఆపారు. కారణం చెప్పలేదు. కమ్లీ అక్క రోజూ గేటు దగ్గర నా కోసం కొట్లాడుతోంది.

శుక్రవారం ఇంటికి వస్తున్నాను. నిన్ను ఆ మాటతో కలిపి పదిమందిలో పలికాను కదా, వాకిట్లో నిలబెట్టి, నా కళ్లలోకి చూసి తిట్టు. తర్వాత నీ చేత్తో ఒక ముద్ద పెట్టు.

ఇట్లు,
నీ తిట్లూ నీ అన్నమూ తిని పెరిగిన కొడుకు
కైసర్