ఎలకల చెవులు

మార్చి 3

అక్క ఇవాళా ఫోనెత్తలేదు. బావ ఎత్తాడు. పక్కనే ఉంది, మాట్లాడనంటోంది అన్నాడు. ప్రతి మాటకీ ఆఁ ఆఁ అని అడగడం సిగ్గుగా ఉందట. నాకు జడలేసి, ముక్కు తుడిచి పెంచిన మనిషికి నా దగ్గర సిగ్గేంటి?

కాసేపటికి మెసేజ్. తిన్నావా. అంతే. నాకు కావలసింది గొంతు.

మార్చి 5

నాన్నకి నలభైల్లోనే చెవులు పోయాయి. నానమ్మకీ అంతే. ఇప్పుడు అక్కకి. నావి మాత్రం గట్టిగా ఉన్నాయి. ఏం చేసుకోను వీటిని?

ల్యాబ్‌లో నేను ఎలకల్ని ముట్టుకోను. వాటి లెక్కలు చూస్తాను. రెండు జాతులు. ఒకదానికి చెవులు చివరిదాకా భేషుగ్గా ఉంటాయి, రెండోదానికి నడివయసులోనే పోతాయి. ఆ రెంటినీ కలిపి తరతరాలుగా పెంచారు. ఒక్కోదానికి మత్తిచ్చి, ఎంత చిన్న శబ్దానికి దాని మెదడు స్పందిస్తుందో కొలుస్తారు. డీఎన్‌ఏలో ఏ ముక్క ఏ జాతి నుంచి వచ్చిందో నా కంప్యూటర్లో ఉంటుంది. ఏ ముక్క ఉన్నవాటికి చెవుడొస్తోందో వెతకాలి. ఒక్క జీన్ పనైతే సులువే. ఇది పదిమంది కలిసి చేసిన దొంగతనం. ఒక్కొక్కరి వాటా ఇంతే ఇంత.

ఈ ఉద్యోగంలో చేరిన రోజు అక్క పడీపడీ నవ్వింది. ఎలకలకి పిల్లి అడుగులు వినపడితే చాలు కదే అంది. ఆ నవ్వు ఫోన్లోనే విన్నాను.

మార్చి 19

అక్క డ్రైవింగ్ స్కూల్లో పని మానేసింది. వెనక లారీ హారన్ కొడుతుంటే వినపడలేదట. నేర్చుకుంటున్న అమ్మాయే విని కారు పక్కకి తీసింది. ఏం కాలేదు. అక్క మాత్రం అక్కడే దిగి, తాళాలు ఓనరు చేతిలో పెట్టి నడిచి ఇంటికొచ్చేసిందని బావ చెప్పాడు.

నాకూ కారు నేర్పింది తనే. గేరు మార్చవే గాడిదా అని అరిచేది. ఇప్పుడొక్కసారి తిడితే బావుణ్ణు.

ఏప్రిల్ 8, మధ్యాహ్నం

పీక్ వచ్చింది! గ్రాఫంతా నేలబారుగా పోయి డీఎన్‌ఏలో ఒక్క ముక్క దగ్గర తాడిచెట్టంత లేచింది. ఏ ఎలక కొలత ఏదో తెలీకుండా కలగాపులగం చేసి అదే లెక్క వెయ్యిసార్లు నడిపాను. ఊరికే అదృష్టం కొద్దీ అంత ఎత్తు ఒక్కసారీ రాలేదు.

ఆగలేకపోయాను. అక్కకి మెసేజ్ పెట్టాను, దొరికింది అని.

వెంటనే జవాబు. నిజమా. నా చెవులేనా.

అవునని కొట్టాను.

ఏప్రిల్ 9

వీధిలో అందరికీ చెప్పేసిందట. మందు ఎప్పుడొస్తుందో కనుక్కోమందని బావ ఫోన్ చేశాడు.

ఏప్రిల్ 15

మా ల్యాబ్ నడిపే మేడమ్ గ్రాఫ్ చూసి ఒక్కటే అడిగారు. చుట్టరికం లెక్కలోకి తీసుకున్నావా అని.

తీసుకోలేదు. చెవిటివాటిలో చాలావరకు ఒకే కుటుంబానివి. తోబుట్టువులకి బోలెడు ముక్కలు ఒకటే ఉంటాయి, ఆ పాపం ఏ ముక్కదో ఎలా తెలుస్తుంది? ఎవరికెవరు ఎంత దగ్గరో మోడల్లో పెట్టి మళ్ళీ నడిపాను. తాడిచెట్టు గడ్డిపరకైంది.

ముందే తెలిసింది నయం, జర్నల్లో పేపర్ వేశాకైతే తలెత్తుకోలేకపోయేవాళ్ళం అన్నారు మేడమ్. నాకు ఇప్పుడే తల లేవడం లేదు.

ఏప్రిల్ 16

చెప్పలేదు.

ఏప్రిల్ 17

చెప్పలేదు.

ఏప్రిల్ 20

పొద్దున్నే బస్సెక్కి అక్క దగ్గరికెళ్ళాను. ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పాను. అది ఎలకల చుట్టరికం చూడకుండా వేసిన తప్పు లెక్క అని. ఒప్పే అయినా ఎలక నుంచి మనిషి మందుదాకా ఏళ్ళు పడుతుందని. ఏళ్ళు పడుతుందన్న సంగతి మెసేజ్ పెట్టిన రోజే నాకు తెలుసని.

అక్క లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెలు దభీదభీమని పెట్టింది. ఎంత చప్పుడవుతోందో తనకి తెలీదు. బావా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

చాలాసేపటికి వచ్చింది. చుట్టాలు చేరితే లెక్కలు చెడతాయి, మనుషులైనా ఎలకలైనా అంది. నవ్వబోయి ఏడ్చాను. మందు సంగతి కాదే, నీ గొంతెలా ఉంటుందో మర్చిపోతానేమోనని భయంగా ఉంది అంది. నా మెడమీద అరచెయ్యి పెట్టి, ఏదైనా మాట్లాడు అంది. నోటికొచ్చిందల్లా వాగాను. కళ్ళు మూసుకుని కూర్చుంది.

మే 26

కొత్త ఎలకల కొలతలొచ్చాయి. ఈసారి చుట్టరికంతో సహా నడిపాను. వేరే క్రోమోజోమ్ మీద చిన్న పీక్, నమ్మొచ్చు అనే హద్దు గీతకి కాస్తే పైన. దాని కింద నలభై జీన్లు, అసలుది ఏదో ఇంకా తేలాలి. ఇది నిలబడేలా ఉంది అన్నారు మేడమ్. ఎవరికీ మెసేజ్ పెట్టలేదు.

మే 31

అక్క ఫోన్ చేసింది! నువ్వేం చెప్పకు, నాకెలాగూ వినపడదు, నేనే మాట్లాడతా అంది. బావ గురక తనకిప్పుడు వినపడదట, హాయిగా నిద్రపడుతోందట. పక్కింటి వాళ్ళు ఇల్లు మారారట. ఆగకుండా చెప్పింది. మధ్యలో ఆగి, వింటున్నావా అంది.

వినపడదని తెలిసీ ఊ అన్నాను.

సరే అయితే అని మళ్ళీ మొదలెట్టింది.