పటంలో ఏడో మొక్క

ఫిబ్రవరి 9

రెడ్డెప్ప ఫోన్. గౌరి ఆవులిస్తోందట.

"పొద్దుగూకులూ ఆవులిస్తా ఉండాది మేడమ్, మనిషి మాదిరి. మేత మీద మనసు పెట్టలే."

నవ్వాను. చిత్తూరులో సగం మంది పెళ్ళికొడుకులు ఆ తెల్లగుర్రం మీద ఊరేగినవాళ్ళే, ముహూర్తాల రోజుల్లో దానికి మాత్రం నిద్రెక్కడిది అన్నాను. డాక్టరుకు చూపించమన్నాను. గుర్రానికి జబ్బు చేస్తే బాటనీ మేడమ్‌కి ఫోన్ చేయడం ఏమిటో. లోపల కొంచెం గర్వంగానే ఉంది, అదీ రాయాలి కదా.

ఫిబ్రవరి 12

కాలేజీ నుంచి వస్తూ రెడ్డెప్ప కొట్టం దగ్గర ఆగాను. గౌరి బాగా చిక్కిపోయింది. కంటి తెల్లగుడ్డులో పసుపు. గోడకు నుదురు ఆనించి అలాగే నిలబడి ఉంది... తోసినా కదలదు. దాని కూతురు చిట్టి, రెండేళ్ళది, పక్కన నిక్షేపంలా ఉంది. మేస్తోంది.

గోడకు నా పటం. "గుర్రాలు తినకూడని మొక్కలు". పన్నెండు బొమ్మలు, నేనే గీసినవి, నేనే రంగులు వేసినవి, లామినేషన్ చేయించి ఇచ్చినవి. రెండేళ్ళ కిందట రెడ్డెప్ప అన్నగారి గుర్రం ఆముదం గింజలు తిని పోయినప్పుడు, ఎందుకు పోయిందో చెప్పింది నేనే. అప్పటినుంచి ఈ ఇంట్లో నా మాట వేదం.

తొట్టిలోంచి ఒక ఎండు పుల్ల తీశాను, ఊరికే. దానికి రెండు మూడు ముడుచుకున్న ఆకులు. ఒక ఆకు కొసన నొక్కు ఉన్నట్టుంది. ఎండిన ఆకు, నలిగి ఉంటుంది అనుకున్నాను.

అనుకుని — మరి ఎందుకు దాన్ని హ్యాండుబ్యాగులో పెట్టుకున్నాను? రెడ్డెప్ప చూడకుండా?

రెడ్డెప్ప భార్య మునెమ్మ కాఫీ ఇచ్చింది. తాగాను.

ఫిబ్రవరి 13

ల్యాబులో పిల్లలు వెళ్ళాక ఆకును గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాను. విప్పి పరిచాను. భూతద్దం అక్కర్లేదు. కొసన నొక్కు, గుండ్రటి కొస. బ్యాగు అడుగున ఒక ఎండు కాయ కూడా దొరికింది, ఊపితే గలగల.

గిలిగిచ్చ.

అక్టోబరులో నేను జనుము అని చెప్పింది దీన్నే. జనుము ఆకు సన్నగా, కొస మొనదేలి ఉంటుంది. ఫస్టియర్ పిల్లకు కూడా ఈ తేడా తెలుస్తుంది, నేనే చెప్తాను కాబట్టి. గిలిగిచ్చ గుర్రం కాలేయాన్ని మెల్లగా తినేస్తుంది. పచ్చిగా ఉంటే గుర్రం వదిలేస్తుంది. ఎండుగడ్డిలో కలిస్తే వదలలేదు. ఇవన్నీ పటంలో రాశాను. ఏడో బొమ్మ.

ఏడో బొమ్మ కిందే నిలబడి రెండు నెలలుగా గౌరి దాన్ని తిన్నది.

ఫిబ్రవరి 14

అక్టోబరులో ఆ రోజు... రాసేస్తాను, రాయకపోతే మార్చి గుర్తుపెట్టుకుంటాను.

కాణిపాకంలో మా పిన్ని కూతురి కొడుకు పెళ్ళి. నేను పట్టుచీరలో, స్కూటరు మీద. దారిలో రెడ్డెప్ప చేతులూపుతూ అడ్డొచ్చాడు. కొత్తగా కౌలుకు తీసుకున్న బీడు, రోడ్డు పక్కనే. మోకాటి పైకి పెరిగిన పచ్చటి మొక్కలు, ఇంకా పూత లేదు. "ఇదేం సెట్టు మేడమ్? దిగి ఒకసారి సూసి సెప్పండి." ముందు రోజు వాన. గట్టు పొడుగునా బురద. అంతకుముందు కౌలుదారు పచ్చిరొట్టకు జనుము చల్లాడని విని ఉన్నాను.

ఇంజను ఆపలేదు. "జనుమే అప్పా. బాగా ముదిరాక కోసి ఎండబెట్టుకో, ఎండాకాలానికి ఉంటుంది" అన్నాను.

అసలు జనుమైనా గుర్రానికి అంత మంచిది కాదు. అదీ నాకు తెలుసు. ముహూర్తానికి టైమవుతోంది.

మునెమ్మ తన రెండు మేకలతో గట్టు మీద ఉంది. "ఏమో మేడమ్, మేకలు దాన్ని మూతి పెట్టి కూడా సూడలే."

"మేకలకు బాటనీ వచ్చా మునెమ్మా?"

రెడ్డెప్ప పగలబడి నవ్వాడు. నేనూ. మునెమ్మ కూడా నవ్వింది, మేడమ్ నవ్వింది కాబట్టి.

చీరకు బురద అంటలేదు.

ఫిబ్రవరి 15

ఈయనకు చెప్పాను. పేపరు దించకుండా, "గుర్రం కదా. మనిషి కాదు కదా" అన్నారు. కాసేపటికి, "వాడికి ఎట్లా తెలుస్తుంది?" అని కూడా అన్నారు.

ఆ రెండో మాటకు నాకు ధైర్యం వచ్చింది. దానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 16

డాక్టరు వచ్చాడని తెలిసి వెళ్ళాను. ఈ రోజు చెప్పేద్దామనే వెళ్ళాను. నిజం.

గౌరి కొట్టంలో గుండ్రంగా తిరుగుతోంది, కట్టు తాడు బిగుసుకునేదాకా, మళ్ళీ వెనక్కి. డాక్టరు రక్తం రిపోర్టు చూసి, "లివరు పూర్తిగా పోయింది. విషం మొక్క ఏదైనా తిని ఉండాలి. లేదా బూజు పట్టిన మేత."

నేను నోరు తెరిచాను. రెడ్డెప్ప ముందే అందుకున్నాడు.

"సెట్టు కాదు సార్. సెట్లన్నీ మేడమ్ సూసి సెప్పినారు. ఇంగ బూజే." ఆగి, మునెమ్మ వైపు తిరిగాడు. "ఆ పొద్దు వానలో చెనిక్కాయ కట్టె తడుస్తాది కప్పమే అంటే కప్పితివా? తడిదే వామి ఏస్తివి."

ఆ వేరుశనగ మేత వామి వేసింది మునెమ్మే. నా వైపు చూసింది. మేడమ్ ఏమైనా చెప్తుందేమో అని. నేను పటం వైపు చూశాను.

తెరిచిన నోరు మూసుకున్నాను. "బూజు కూడా ప్రమాదమే" అన్నాను. అబద్ధం కాదు. బూజు ప్రమాదమే.

ఫిబ్రవరి 17

చెప్పలేదు.

ఫిబ్రవరి 18

క్లాసులో విషపు మొక్కల పాఠం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకుండానే గిలిగిచ్చ పేజీ వదిలేసి తిప్పాను. మూడో బెంచీ అమ్మాయి, "మేడమ్, ఒక మొక్క పోయింది." పరీక్షలో రాదులే అన్నాను.

మధ్యాహ్నం అన్నం తింటుంటే తోచింది. చిట్టి. చిట్టి ఇంకా ఆ గడ్డే తింటోంది! నా పరువు గురించి అయిదు రోజులుగా ఆలోచిస్తున్నాను, ఆ పిల్ల గురించి అయిదు నిమిషాలు ఆలోచించలేదు.

చెయ్యి కడుక్కుని వెళ్ళాను. "రెడ్డెప్పా, ఆ ఎండుగడ్డి మొత్తం తీసెయ్. తగలబెట్టు. చిట్టికి ఒక్క పరక కూడా పెట్టద్దు."

"ఏమైంది మేడమ్? దానికీ బూజు పట్టిందా?"

"ఆఁ. పట్టింది."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. వామి కిందికి లాగారు. గలగల చప్పుడు, ఎండు కాయలు. రెడ్డెప్ప నిప్పు పెట్టి, మంటకు అవతల ఉన్న మునెమ్మతో, "రెండు వాములూ బూజే సేసినావు. గుర్రాలను సాకేదానివా నువ్వు?"

ఆమె ఏడ్చింది. పొగకు అనుకున్నారు అందరూ. నేను కూడా అలాగే అనుకుంటే బాగుండు.

చిట్టిని కాపాడాను. మునెమ్మను పూడ్చేశాను. ఒక్క మాటతో రెండు పనులు.

ఫిబ్రవరి 21

గౌరి పోయింది. తెల్లవారి ఆరు గంటలకు.

జేసీబీ పిలిపించారు. మునెమ్మ దాని నుదుట పసుపు, బొట్టు పెట్టింది. పెళ్ళిళ్ళకు కట్టే జరీ గుడ్డ కప్పబోతే రెడ్డెప్ప లాగేసుకున్నాడు. "నువ్వు ముట్టుకోవాకు." నా చేతికి ఇచ్చాడు. "మీరు కప్పండి మేడమ్. మీరంటే దానికి ఇష్టం."

కప్పాను.

ఫిబ్రవరి 22

అన్నం సహించలేదు. ఈయన హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చారు. తిన్నాను. సహించకపోవడం కూడా ఒక పూటే.

మార్చి 2

చిట్టి రక్తం రిపోర్టు. బాగుందట. లివరు కొంచెం అటూ ఇటూ, ఆ మేత మానేశాం కాబట్టి భయం లేదన్నాడట డాక్టరు. "మీ పున్నెం మేడమ్" అని రెడ్డెప్ప ఫోన్లో.

మునెమ్మ ఎలా ఉంది అని అడిగాను. "ఉండాది" అన్నాడు.

మార్చి 7

కాలేజీలో శాలువా కప్పారు. రేపు ఆదివారం కాబట్టి మహిళా దినోత్సవం ఈ రోజే. ప్రిన్సిపాల్ నా పటం గురించి మాట్లాడాడు, మూగజీవాలకు మేడమ్ చేస్తున్న సేవ అని. చెప్పేవి శ్రీరంగనీతులు అని వెనక ఎవరో అన్నట్టు వినిపించింది. ఎవరూ అనలేదు. నేనే.

శాలువా బీరువాలో పెట్టలేదు. కుర్చీ మీదే పడి ఉంది.

మార్చి 10

కూరగాయల మార్కెట్లో మునెమ్మ. దూరం నుంచి చూసి పక్క వరసలోకి తిరిగాను. అక్కర్లేని చేమదుంపలు కిలో కొన్నాను. యాభై రెండేళ్ళ మనిషిని, చేమదుంపల వెనక దాక్కున్నాను.

మార్చి 14

మునెమ్మ ఇంటికొచ్చింది. మొదటిసారి. లోపలికి రమ్మంటే గడప దగ్గరే కూర్చుంది. చెంగు ముడి విప్పింది. నాలుగు ఎండు కాయలు. వామి తగలబెట్టిన చోట ఊడుస్తుంటే దొరికాయట, కాలకుండా. చంకలోంచి పటం కూడా తీసింది. మేకు నుంచి తీసుకొచ్చింది, రెడ్డెప్ప బయటికి వెళ్ళినప్పుడు.

ఆమెకు చదువు రాదు. బొమ్మలు చూస్తుంది.

ఒక కాయ తీసి ఏడో బొమ్మ మీద పెట్టింది. నేను గీసిన కాయ మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంది. అంత బాగా గీశాను మరి.

"ఇది అదేనా మేడమ్?"

ఈయన లోపల దగ్గారు.

"అదే."

కాయలు మళ్ళీ ఒక్కొక్కటే ముడి వేసుకుంది. తర్వాత, నా మొహం చూడకుండా, "ఆ పొద్దు బండి దిగింటే బాగుండు మేడమ్."

తిట్టి ఉంటే బాగుండేది. గొంతు పెంచినా బాగుండేది. బాగుండు, అన్నది అంతే, వాన పడింటే బాగుండు అన్నట్టు.

క్షమించమని అడిగాను. ఆ మాట ఆమెకు పట్టలేదు, ఆమె వచ్చిన పని వేరు.

"ఆయప్పకు నేను సెప్తే నమ్మడు. మేడమ్ తప్పు సెప్తాదా అంటాడు. నెల దినాలుగా నా సేతి నీళ్ళు గుర్రానికి పెట్టనీలే. మీరే సెప్పల్ల."

రేపు వస్తానన్నాను. "రేపా?" అంది. నమ్మలేదు. నేనైనా నమ్మను.

మార్చి 15

వెళ్ళాను. పదింటికి.

రెడ్డెప్ప కుర్చీని తువ్వాలుతో తుడిచి వేశాడు. నేను నోరు విప్పేలోగా వాడే మొదలుపెట్టాడు. చిట్టి మేతకు ఇంకో బీడు చూశాడట. "మీరొచ్చి ఒక్కసారి కన్నేస్తే సాలు మేడమ్." మునెమ్మ వాకిట్లో అంట్లు తోముతోంది. చప్పుడు ఆగింది.

పటం మళ్ళీ మేకుకు ఉంది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏడో బొమ్మ మీద వేలు పెట్టాను. "ఇదేమిటో తెలుసా రెడ్డెప్పా?"

వంగి చూశాడు. మొహం వెలిగింది, జవాబు తెలిసిన పిల్లాడి మొహంలా. "జనుము గదా మేడమ్. మీరే సెప్తిరే."

రెండేళ్ళుగా ఆ బొమ్మ వాడి కళ్ళ ముందే ఉంది. నా మాట కోసం బొమ్మనే మార్చుకున్నాడు.

చెప్పాను. అంతా. స్కూటరు, పట్టుచీర, నొక్కు, ల్యాబు, డాక్టరు ఉన్నప్పుడు మూసుకున్న నోరు, బూజు అన్న అబద్ధం. ఎక్కడా ఆపలేదు, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని. చెప్తూ చెప్తూ ఒకచోట "నాకూ టైము లేక" అన్నాను, వెంటనే నాలుక కరుచుకున్నాను.

రెడ్డెప్ప తువ్వాలు మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"అయితే ఆమె కట్టెలో బూజు లేదా?"

"ఉన్నా, గౌరి పోయింది దానివల్ల కాదు."

లేచి చిట్టి దగ్గరకు వెళ్ళాడు. వాకిట్లో మునెమ్మ పక్కగా జరిగి దారి ఇచ్చింది. ఆమె వైపు చూశాడో లేదో, వీపు మాత్రమే కనిపించింది నాకు. చిట్టి మెడ మీద చెయ్యి వేసి అటు తిరిగే అడిగాడు. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగినట్టే.

"మరి ఆ బీడు ఇంగ ఎవురికి సూపించేది మేడమ్?"

పటం మేకుకు తగిలించి వచ్చేశాను. వీధి మలుపు దాకా వెనక్కి చూస్తూనే నడిచాను, లోపల ఏమైనా మాటలు వినిపిస్తాయేమో అని. వినిపించలేదు.

మునెమ్మకు చూపించు అనాల్సింది. ఆమె అక్కడే, నాలుగడుగుల్లో, బూడిద చేతులతో నిలబడి ఉంది. ఆ మాట ఇంటికి వచ్చి చెప్పులు విడిచాక తోచింది.