గేటు చప్పుడు

తమ్ముడు కిషోర్‌కు, అక్క దీవెనలు.

నువ్వు చెప్పిన పెద్ద వాక్యూమ్ క్లీనర్ వద్దురా. పక్కనున్న కంకర క్రషర్ దుమ్మంతా లాగుతుంది గానీ, ఆ మోతలో గేటు చప్పుడు వినపడదు.

మొన్న పక్కింటి రామాయమ్మత్తది అడిగి తెచ్చి వెనక గదిలో నడిపాను. ఆపి వచ్చేసరికి గేటు తీసి ఉంది. హాల్లో దుమ్ము మీద బూట్ల అడుగులు, మీ బావ నిద్రపోతున్న మంచం దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. మన ఇళ్లల్లోకి బూట్లతో ఎవరొస్తారు?

"ఏందే, ఎవరో పనుండి వచ్చుంటారులే" అన్నారు మీ బావ. కానీ క్రషర్‌లో చనిపోయిన కూలీ కేసులో సోమవారం సాక్ష్యం చెప్పాల్సింది ఆయనే.

చప్పుడు తక్కువ ఉన్నది చూడు. అది వచ్చేదాకా హాలు ఊడవను. రోజూ పొద్దున్నే లేచి ముందు నేల చూస్తున్నాను.

అక్క